ఇంట్లో పడని కారు

కొత్తగూడెం నుంచి సత్తుపల్లి పోయే బస్సు దమ్మపేట సెంటర్‌లో ఆగగానే కండక్టర్ భీమయ్య కిటికీలోంచి ఒక బిస్కెట్ల డబ్బాను బయటికి చాచాడు.

"ఎరువుల కొట్టాయనా! మీ గిత్త తిరిగొచ్చింది. ఈసారి గూడ బోర్లపడ్డదంట!" అని సెంటరంతా వినేట్టు చెప్పి, రైట్ రైట్ అన్నాడు.

వెంకటనారాయణ ఆ డబ్బాను చంకలో పెట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా ఇంటికొచ్చాడు. వంటింటి గడప మీద దాన్ని దించి, "ఇదిగో, నీ కూతురు అత్తగారింట్లో ఉండలేక వచ్చేసింది" అన్నాడు భార్యతో.

ప్రమీలారాణి రోట్లో పచ్చడి నూరుతోంది. మిక్సీ ఉంది గానీ అది కొన్నప్పటి నుంచీ మూలగడమే తప్ప నలిపింది లేదు. రెండుసార్లు ఖమ్మం పంపి బాగుచేయించినా గుణం మారలేదు. ఆమె చేతులు కడుక్కుని, కొంగుతో తడి లేకుండా తుడుచుకుని, అప్పుడు డబ్బా మూత తీసింది. పాత చీర ముక్కలో చుట్టిన ఆకుపచ్చ కారు, అరచేతిలో ఇమిడేంత. బూరుగు చెక్కతో చెక్కిన ఒళ్లు. ముక్కు దగ్గర రంగు లేచిపోయి చెక్క కనిపిస్తోంది. కారు గాడి తప్పి బల్ల అంచు దాటినప్పుడు ముందు నేలకు తగిలేది ముక్కే. ఎన్నిసార్లు తగిలిందో ఆ గీతలే చెబుతున్నాయి.

"పందెం గురించి లాల్‌సింగ్ ఏమన్నాడండీ?"

"ఏమంటాడు. మలుపు మలుపుకీ ఎగిరి పడ్డదంట. వాళ్లింట్లో పిల్లలు చప్పట్లు కొట్టారంట."

ఆమె కారును పట్టుకుని ముందు గదిలోకి నడిచింది. గది నిండా ఒకే ఒక్క బల్ల. ప్లైవుడ్ పలకలు అతికించి, వాటిలో కారు నడిచే దారి పొడుగునా సన్నటి గాడి తవ్వించి, గాడికి అటూ ఇటూ రాగి పట్టీలు అంటించారు. కారు కింద ఒక ముల్లు ఉంటుంది. ఆ ముల్లు గాడిలో కూర్చుంటుంది. పట్టీల్లోంచి కరెంటు మోటారుకు అందుతుంది. చేతిలో మీట ఎంత నొక్కితే అంత వేగం. మలుపులో మీట వదలకపోతే కారు గాడిలోంచి లేచి పడిపోతుంది. ఆటంతా అంతే.

కారును బల్ల మీద పెట్టి మీట నొక్కింది. కారు కదిలింది. పెద్ద మలుపు, చిన్న మలుపు, వంతెన కింది మెలిక, మళ్లీ పెద్ద మలుపు. మీట పూర్తిగా నొక్కి పట్టుకున్నా కాలవలో నీళ్లు పోయినట్టు పోయింది. ఎన్ని చుట్లు తిప్పినా ఒక్క చోట కూడా తూలలేదు.

"మరి అక్కడేం వచ్చిందే నీకు?" అంది ప్రమీలారాణి కారుతో.

ఈ సరదా తెచ్చిపెట్టింది హీరాలాల్. వెంకటనారాయణతో ఖమ్మం కాలేజీలో చదువుకుని, ఇప్పుడు పాల్వంచ కరెంటు ఫ్యాక్టరీలో ఇంజనీరుగా ఉన్నాడు. ట్రైనింగ్ అని బొంబాయి పోయినప్పుడు అక్కడ చూసి వచ్చి స్నేహితులను పోగేశాడు. పాల్వంచలో తను, కొత్తగూడెం గని కాలనీలో లాల్‌సింగ్, ఖమ్మంలో బట్టల కొట్టు చందూలాల్, దమ్మపేటలో వెంకటనారాయణ. ఎవరి పనుల్లో వాళ్లుంటారు, అందరూ ఒకచోట చేరడం కుదిరే పని కాదు. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఎవరి కారు వాళ్లు తయారు చేసుకోవాలి. పోటీ ఎవరింట్లో ఉంటే వాళ్లకు బస్సులో పంపాలి. ఆ ఇంటివాళ్లే అన్ని కార్లనూ తిప్పి, ఏది ముందొచ్చిందో కబురు చేస్తారు. ఊరు దాటిన కారు విషయంలో చేసినవాడి చెయ్యి మీట మీద పడకూడదు. అప్పుడే కారు మంచిదో చెడ్డదో తేలుతుందని హీరాలాల్ వాదన.

దమ్మపేటలో మాత్రం పోటీ పెట్టలేదు. "మీ ఊళ్లో కరెంటును నమ్ముకుని పందెం పెట్టుకుంటామా, నారాయణా?" అని అందరూ నవ్వారు. నిజమే, ఉన్నట్టుండి పోతుంది కదా అని వెంకటనారాయణా నవ్వాడు.

బల్ల చేయించినంతవరకే అతని ఉత్సాహం. కారు చేయడం మొదలుపెట్టిన వారానికే వేలికి ఉలి దిగి, ఆ సామానంతా కిటికీలో పడేశాడు. అది తీసింది ప్రమీలారాణి. పెళ్లికి ముందు బీయస్సీ ఫిజిక్స్ చదివింది. పాత టేపురికార్డరు మోటారు, గడియారం పళ్లచక్రాలు, హవాయి చెప్పు కోసి గరుకు కాగితం మీద గుండ్రంగా అరగదీసిన టైర్లు. మొదట కారు నత్తలా నడిచింది. ఇరుసు మీది పెద్ద పళ్లచక్రం తీసి చిన్నది వేసింది. చెక్క ఒళ్లు లోపలినుంచి తొలిచి తొలిచి అప్పడమంత పల్చన చేసింది. అప్పుడు పరిగెత్తింది. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. బయట మాత్రం అది నారాయణ కారే.

మధ్యాహ్నం అన్నాలయ్యాక అందరూ కునుకు తీసే వేళ ఆ గది ఆమెది. అక్కడ ఉన్నంతసేపూ ఎవరూ మంచినీళ్లు కూడా అడగరు.

ఆ గదికే ఇప్పుడు ఎసరొచ్చింది. మామగారు చెంచురామయ్య సాయంత్రం పొలం నుంచి వస్తూనే గుమ్మంలో నిలబడి బల్లను చూశాడు. కృష్ణా జిల్లా నుంచి ఇక్కడికొచ్చి అడవి అంచున భూమి చేసుకున్న మనిషి. బండలాగే పందాలకు ఎడ్లను పెంచడంలో పేరున్నవాడు.

"మళ్లీ పడ్డదంటగా, అమ్మాయ్."

"అవును మామయ్యా."

"నేను నా గిత్తల్ని ఏ ఊరు పంపినా, ఎవడు తోలినా బండ లాగే వచ్చినయ్. ఎద్దు మంచిదైతే తోలేవాడు ఎవడైతే ఏంది? నీ బండి ఇంట్లో పులి, బయట పిల్లి."

"పిల్లి కూడా కాదు నాన్నా, కప్ప. ఎగురుతుందంట" అన్నాడు వెంకటనారాయణ లోపలినుంచి.

"నువ్వుండరా, వేలు కోసుకున్నోడివి." ముసలాయన కోడలి వైపు తిరిగాడు. "చూడమ్మా, మిరపకాయలు కల్లంలో ఎండుతున్నయ్. బస్తాలకు చోటు కావాలి. పాల్వంచ పందెం ఒకటి మిగిలిందంటున్నారుగా. అక్కడ పడకుండా తిరిగి వచ్చిందా, బల్ల ఉంటది. బస్తాలు రేకుల షెడ్డులో వేయించుకుంటా. పడ్డదా, బల్ల విప్పించి అటకెక్కిస్తా. అన్యాయంగా మాట్లాడానా?"

అన్యాయంగా ఏమీ మాట్లాడలేదు. అదే ఇబ్బంది.

ఆ మర్నాటి నుంచి ప్రమీలారాణికి కూరలో ఉప్పు వేసిందో లేదో గుర్తుండటం లేదు. ఖమ్మంలో చందూలాల్ ఇంట్లో పడింది. కొత్తగూడెంలో లాల్‌సింగ్ ఇంట్లో పడింది. ఒక్క ఇల్లయితే బల్ల బాగాలేదనుకోవచ్చు. బస్సులో కుదుపులకు ముల్లు వంగిందా అని చూసింది, తిన్నగానే ఉంది. టైర్లు దుమ్ముపట్టి జారుతున్నాయా అని కిరోసిన్ గుడ్డతో తుడిచింది. తిప్పితే ఇక్కడ ఎప్పటిలాగే నడిచింది. పోనీ అక్కడివాళ్లకు మీట నొక్కడం రాదా అంటే, వాళ్ల చేతుల్లోనే మిగతా మూడు కార్లూ బుద్ధిగా తిరిగాయి.

కరెంటు గురించి కూడా ఆలోచించింది. గోడ ప్లగ్గులోంచి వచ్చే కరెంటును పన్నెండు ఓల్టులకు దించడానికి ఎలిమినేటర్ అని ఒక పెట్టె ఉంటుంది. నాలుగిళ్లకూ నాలుగు పెట్టెలను హీరాలాల్ హైదరాబాదు కోఠీలో ఒకే కొట్లో కొన్నాడు. నాలుగింటి మీదా పన్నెండనే రాసి ఉంది. కనుక అదీ కాదు.

అదే కారు, అదే ముల్లు, అవే పన్నెండు ఓల్టులు. మారింది ఊరొక్కటే. ఊరు మారితే కారు గుణం మారుతుందా?

"దిష్టమ్మా, ఇంకేం కాదు" అని తేల్చింది అత్తగారు రాఘవమ్మ. "బస్సులో అంతమంది కళ్లు. ఆ భీమయ్య కళ్లు చాలవూ?" ఉప్పూ మిరపకాయలూ గుప్పిట్లో పట్టుకుని కారు చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. పొయ్యిలో మిరపకాయలు ఘాటెక్కి అందరూ దగ్గారు. ప్రమీలారాణి వద్దనలేదు. వద్దనడానికి ఇంతకంటే మంచి కారణమేదీ తన దగ్గర లేదు.

చివరికి, ఈసారి కారును తనే పాల్వంచ తీసుకెళ్తానంది. హీరాలాల్ భార్య కమ్లికి మిరపపండ్ల పచ్చడి ఇచ్చిరావాలనే వంక ఎలాగూ ఉంది. పోటీ ఆదివారం. ఆరు రోజుల ముందే బయల్దేరింది. పడటం ఒక్కసారైనా కళ్లారా చూడాలనేది ఆమె కోరిక.

బస్సు జూలూరుపాడు దాటుతుంటే ఒళ్లో డబ్బా పట్టుకుని కూర్చున్న ఆమెను చూసి భీమయ్య, "గిత్తకు తోడు పోతున్నవా అమ్మా?" అన్నాడు. "తోడు కాదు, నిఘా" అంది ప్రమీలారాణి.

కాలనీలో హీరాలాల్ ఇల్లు రెండో వరసలో ఉంది. కమ్లి ఎదురొచ్చి డబ్బా చూసి పకపకా నవ్వింది.

"అక్కా, ఇదేనా మా అన్న జేసిన పొగరుబోతు? కొత్తగూడెంల దీని సంగతి విన్న. రా రా, జరసేపు తిప్పి చూద్దాం."

"మీ ఆయన రానీ."

"ఆయనెప్పుడు తిప్పిండు? షిఫ్టుకు పోయి వచ్చి పండుడే. ఈ ఇంట్ల అన్ని బండ్లూ నేనే తిప్పుత. పేరు ఆయనది" అంది కమ్లి.

ప్రమీలారాణి ఆమె మొహంలోకి చూసింది. "అయితే నేనూ ఒక మాట చెబుతా. ఇది మీ అన్న చేసింది కాదు, నేను చేసింది."

"అవ్నా!" కమ్లి కారును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "నువ్వు జేస్తివా? మరి ఇంత నెమ్మదైన మనిషి చేతుల కెళ్లి గిసొంటి బండి ఎట్ల వచ్చిందక్కా?"

పక్క గదిలో బల్ల సిద్ధంగా ఉంది. కమ్లి కారు పెట్టి, మీట మీద బొటనవేలు ఆనించింది. ఆనించిందంతే. కారు ఒక్క దూకు దూకి, మొదటి మలుపులోనే లేచి గోడకు కొట్టుకుంది. మళ్లీ పెట్టింది. వేలు పైపైన తాకించింది. మళ్లీ లేచింది.

"చూసినవా? ముట్టుకుంటే ఎగురుతది. నేను నొక్కలే, ఒట్టు."

నొక్కలేదు. ప్రమీలారాణి ఆమె వేలినే చూస్తూ ఉంది. కళ్లారా చూసినా అయోమయం తగ్గకపోగా ఎక్కువైంది. అది తన కారేనా అని అనుమానమొచ్చి తిరగేసి చూసింది. తను వేసిన టంకం చుక్కలు ఎక్కడివక్కడే ఉన్నాయి. పొద్దున తను తిప్పినప్పుడు ఎంత బుద్ధిమంతురాలు!

"ఇడువక్కా. అల్లం చట్నీ జేస్త, గారెలు తిని పో" అని కమ్లి వంటింట్లోకి వెళ్లింది.

అంతలో వంటింట్లోంచి గావుకేకలాంటి చప్పుడొచ్చింది. ప్రమీలారాణి ఉలిక్కిపడి లేచింది.

"ఏమైంది?"

"ఏమైతది, మిక్సీ!"

ఆమె వంటింటి గుమ్మంలో ఆగిపోయింది. అదే మిక్సీ. ఇద్దరి భర్తలూ కలిసి వెళ్లి ఒకే రోజు ఒకే కొట్లో కొన్నారు. అదే నారింజ రంగు మూత. తన ఇంట్లో ఇది రోగిష్టిలా మూలుగుతుంది. ఇక్కడ కమ్లి మీట తిప్పి ఇట్టే ఆపేసింది. అల్లం మెత్తగా వెన్నలా నలిగిపోయి ఉంది.

"ఇది బాగుచేయించారా?"

"ఎందుకు? ఎన్నడు పాడు గాలేదు."

ప్రమీలారాణి తలెత్తి చూసింది. నడిమింట్లో ఫ్యాను రెక్కలు కనిపించడం లేదు, తెల్లటి చక్రంలా ఉంది. గోడకున్న రెగ్యులేటర్ రెండు మీద ఉంది. తన ఇంట్లో అయిదు మీద పెట్టినా మూడు రెక్కలూ విడివిడిగా కనిపిస్తాయి. పైగా ఉక్కపోత తన తత్వమని అత్తగారు అంటుంది. అప్పుడే చీకటి పడుతోందని కమ్లి ట్యూబులైటు వేసింది. అది రెప్పలాడించకుండా ఒక్కసారిగా వెలిగింది.

కిటికీ అవతల ఫ్యాక్టరీ గొట్టాలు పొగ వదులుతున్నాయి. కరెంటు పుట్టే చోటు. ఇక్కణ్నుంచి బయల్దేరి ఊళ్లు దాటి, మిరపచేలకూ వరిమళ్లకూ మోటార్లన్నీ పీల్చుకోగా మిగిలింది దమ్మపేటలో ఆమె ఇంటికి చేరుతుంది. పెట్టె మీద పన్నెండని రాసి ఉంటే మాత్రం? గోడలోంచి వచ్చేదే సగమైతే పెట్టె ఎక్కణ్నుంచి తెచ్చి ఇస్తుంది?

ఈ లెక్క డిగ్రీ మొదటి సంవత్సరంలోనే చేసింది. కానీ ఏడేళ్లుగా ఆ ఎర్రటి బల్బు కిందే వండి, ఆ నీరసపు ఫ్యాను కిందే పడుకుంది. అది తక్కువ అనే సంగతే మర్చిపోయింది. ఆ తక్కువకు సరిపడేట్టు కారును తొలిచి, చక్రం మార్చి, గాలికి ఎగిరేట్టు చేసి, నిండు కరెంటు ఉన్న ఊళ్లకు పంపింది.

"ఏందక్కా, గట్ల నిలబడ్డవ్?"

"ఏం లేదు కమ్లీ. కారును నాతో తీసుకుపోతా. శనివారం బస్సులో పంపుతా."

"మంచిగ బుద్ధి చెప్పి పంపు" అంది కమ్లి.

ఇంటికి చేరాక మర్నాడు ఆమె అడిగిన మాట విని మామగారు తింటున్న ముద్ద ఆపేశాడు.

"ట్రాక్టర్ బ్యాటరీ నీకెందుకమ్మా?"

"అందులో ఎప్పుడూ నిండుగా పన్నెండు ఓల్టులుంటాయి మామయ్యా. గోడలో లేవు."

"గోడలో లేకపోతే ఈ బల్బు ఎట్లా వెలుగుతుంది?"

"వెలుగుతోందా మామయ్యా, అది?"

ఆయన బల్బు వైపు చూశాడు. లోపలి తీగ ఎర్రగా, ఆరబోయే నిప్పుపుల్లలా ఉంది. ఎప్పుడూ అలాగే ఉంటుంది కదా అన్నట్టు మళ్లీ కోడలి వైపు చూశాడు. అయినా కాదనలేదు. పాలేరు చేత బ్యాటరీ మోయించి బల్ల కింద పెట్టించి, ఏం జరుగుతుందో చూడటానికి అక్కడే నిలబడ్డాడు.

ప్రమీలారాణి తీగలు కలిపి, కారు పెట్టి, మీట తాకింది. కారు ఒక్క దూకు దూకి, మొదటి మలుపులో లేచి, గోడకు కొట్టుకుని ఆయన కాళ్ల దగ్గర పడింది.

"పడింది!" అంది ఆమె. మొహం వెలిగిపోయింది. "అత్తయ్యా, చూశారా, మనింట్లో కూడా పడింది!"

రాఘవమ్మ భర్త వంకా కోడలి వంకా మార్చి మార్చి చూసి, "దీనిక్కూడా దిష్టి తీయాలేమో" అంది నెమ్మదిగా. తీయాల్సింది కారుకా కోడలికా అన్నది చెప్పలేదు.

మూడు మధ్యాహ్నాలు ఆ బ్యాటరీతోనే గడిచాయి. ఇరుసు మీద పాత పెద్ద పళ్లచక్రం మళ్లీ ఎక్కించింది. తొలిచిన ఒళ్లు అడుగున, బరువు కోసం భద్రాచలం జాలర్ల దగ్గర్నుంచి తెప్పించిన, వలకు కట్టే సీసపు గుళ్లను కొట్టి రేకులా చేసి అతికించింది. ఎక్కువైతే తీసింది, తక్కువైతే వేసింది. ముక్కు మీద కొత్తగా పూత వేసి ఆరబెట్టింది. శనివారం డబ్బా బస్సెక్కింది.

సోమవారం భీమయ్య డబ్బా చాచినప్పుడు చెంచురామయ్య స్వయంగా సెంటర్‌లో ఉన్నాడు. ఎందుకొచ్చాడో ఎవరికీ చెప్పలేదు.

"పడ్డదా?"

"పడలేదంట పెద్దాయనా! ఒక్కసారి గూడ!"

"గెలిచిందా?"

"గెలవలే. రెండోదంట. ఆ కాలనీ ఇంజనీరు గారిదే ముందొచ్చిందంట."

డబ్బా విప్పగానే ప్రమీలారాణి ముందు ముక్కు చూసింది. పూత చెక్కుచెదరలేదు. గోటితో రాసి మరీ చూసింది.

"సరే, నీ బల్ల నీకుంది. మాటంటే మాటే" అన్నాడు చెంచురామయ్య. "ఏదీ, ఆ బుద్ధిమంతురాలి నడకేందో ఒకసారి తిప్పు చూద్దాం."

బ్యాటరీ అప్పటికే ట్రాక్టర్‌కు తిరిగి వెళ్లిపోయింది. ఆమె గోడ ప్లగ్గులో ఎలిమినేటర్ పెట్టి, కారు ఎక్కించి, మీట పూర్తిగా నొక్కింది. పొలాల్లో మోటార్లన్నీ తిరుగుతున్న వేళ. కారు సన్నగా గునిసింది. చీమలా కాస్త కదిలి, పెద్ద మలుపు మొదట్లోనే ఆగిపోయింది.

ముసలాయన వంగి కారును చూశాడు. బల్ల కిందికి చూశాడు. మళ్లీ కారును చూశాడు.

"ఇక్కడ పరిగెత్తింది అక్కడ పడింది. అక్కడ పడనిది ఇక్కడ కదలదు. ఏందమ్మా ఈ చోద్యం?"

ఆమె మళ్లీ చెప్పింది. మోటార్లు, తీగల దూరం, పెట్టె మీది అంకె, లోపలికి వచ్చే సగం కరెంటు. ఆయన చెవి ఒగ్గి విని, "కరెంటంటే కరెంటే గదా. ఉంటే ఉంటది, లేకపోతే లేదు. సగం ఉండుడేంది?" అన్నాడు. ఇంకోసారి చెప్పింది. ఆయన తల గోక్కుంటూ బయటికి వెళ్లిపోయాడు. పోనీలే, బల్ల మిగిలింది కదా అనుకుంది ప్రమీలారాణి.

కాసేపటికి గుమ్మంలో రొప్పు వినిపించింది. చెంచురామయ్య పాలేరును కూడా పిలవకుండా బ్యాటరీని తనే పొట్టకు ఆనించుకుని మోసుకొస్తున్నాడు.

"తగిలించు. ఆ మీట ఇటివ్వు."

తగిలించింది. ఆయన బొటనవేలు కొడవలి పిడి పట్టి పట్టి మొద్దుబారింది. మీటను పలుగు నొక్కినట్టు నొక్కాడు. సీసం ఉన్నా సరే, కారు లేచి కిటికీ కింద పడింది.

"అదీ! నేను తోలితే పడ్డది. అంటే తప్పు ఎద్దుదా, తోలేవాడిదా?" అని ఆయన తనను తనే అడిగాడు. అంతలోనే, "మళ్లీ పెట్టమ్మా" అన్నాడు.

వెంకటనారాయణ తలుపు దగ్గరికొచ్చి, "నాన్నా, కల్లం నుంచి బస్తాల బండి వచ్చింది. ఎక్కడ దించమంటావ్? ఆ ట్రాక్టర్ పొద్దున్నే దుక్కికి పోవాలి, బ్యాటరీ..." అంటున్నాడు.

"రేకుల షెడ్డులో దించమన్నాగా! పొద్దున ట్రాక్టర్‌ను నలుగురు కలిసి తొయ్యండి." ఆయన తిరిగి చూడలేదు. "ఈ సంగతేందో తేలేదాకా ఈ గదిలో ఎవరూ ఏదీ పెట్టొద్దు."

కారు మళ్లీ లేచి పడింది. ప్రమీలారాణి దాన్ని తీసి గాడిలో పెట్టి, నడిమింట్లోకి వచ్చింది. నెత్తిమీద ఫ్యాను మూడు రెక్కలతో మెల్లగా తిరుగుతోంది. ఖమ్మం పంపడానికని వెంకటనారాయణ మిక్సీని మళ్లీ అట్టపెట్టెలో సర్ది తాడు కట్టి ఉంచాడు. ఆమె కింద కూర్చుని ఆ తాడు విప్పడం మొదలుపెట్టింది.